బ్యాటు ఊపని రత్నం అంకుల్‌కి మొదటి ర్యాంకు

అమెరికాలో, టెక్సస్ రాష్ట్రం ఇర్వింగ్‌లోని మా తెలుగు చర్చి సాఫ్ట్‌బాల్ జట్టును ఒకే ఒక్క ఉదయంలో, బంతిని ముట్టుకోకుండా, కేవలం ల్యాప్‌టాప్‌తో ఓడించిన ఘనత నాది. ఒప్పుకుంటున్నాను. కానీ నా లెక్క తప్పని మాత్రం ఈ జన్మలో ఒప్పుకోను. ముందే చెబుతున్నాను, తరవాత నాతో వాదించకండి.

అప్పుడు నేను స్టాటిస్టిక్స్‌లో ఎం.ఎస్. చేస్తున్నాను. ఏ బేస్‌బాల్ ఆటగాడు జట్టుకి అందరికన్నా విలువైనవాడో అంకెలతో తేల్చడం క్లాసు ప్రాజెక్టు. బేస్‌బాల్ గురించి అప్పటిదాకా నాకు తెలిసిందల్లా అది క్రికెట్ కాదని. అయినా రెండు వారాలు అంకెల్లో మునిగి తేలాక నాకు జ్ఞానోదయమైంది. బంతిని ఆకాశానికి కొట్టే వీరులకన్నా, ఎలాగోలా మొదటి బేస్‌కి, అంటే పరుగు దారిలో మొదటి మజిలీకి, చేరే ఓపికమంతుల విలువే ఎక్కువట. బంతి వేసే పిచ్చర్ నాలుగుసార్లు గురి తప్పితే చాలు, బ్యాటు పట్టినవాడు ఏమీ కొట్టకుండానే బేస్‌కి నడిచి వెళ్ళొచ్చు. దాన్ని వాక్ అంటారు. ఏ పనీ చేయకుండా ముందుకెళ్ళే పద్ధతి! ఆ ఆట మీద నాకు అమాంతం ప్రేమ పుట్టింది.

ప్రొఫెసర్ మంచి గ్రేడే ఇచ్చారు. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. ఆగితే నేను నేనెందుకవుతాను?

మా చర్చి జట్టు ఆడే సాఫ్ట్‌బాల్ కూడా బేస్‌బాల్‌కి చెల్లెలే, దాని స్కోరు పుస్తకం నా చేతిలోనే ఉండేది. ఆ సీజన్ ఫైనల్‌కి ముందు ఆదివారం, ఆరాధన అయ్యాక, కెప్టెన్ జోసెఫ్ అన్న నన్ను పక్కకి పిలిచాడు.

"సునీతా, ఫైనల్‌కి రత్నం అంకుల్‌ని డ్రాప్ చేస్తున్నా. సీజన్ మొత్తంలో ఒక్క బంతి కొట్టలేదాయన. లిస్ట్‌లోంచి పేరు తీసెయ్."

రత్నం అంకుల్‌కి యాభై అయిదేళ్ళుంటాయి. నరసాపురం మనిషి, మితభాషి. మూసిన గొడుగు పట్టుకుని బస్సు కోసం ఎదురుచూస్తున్నట్టుగా బ్యాటు పట్టుకుని నిలబడేవారు.

"ఆగన్నా!" అని కారు బానెట్ మీద ల్యాప్‌టాప్ తెరిచాను. "మన టీమ్‌లో ఎక్కువసార్లు బేస్‌కి వెళ్ళింది అంకులే. అన్నీ వాక్స్. మోస్ట్ వాల్యుబుల్ ప్లేయర్ ఆయనే. ర్యాంక్ వన్!"

"మరి నేను?"

"ఎనిమిది."

"తొమ్మిది మందిలోనా?"

"పదిమందిలో అన్నా. బెంగపెట్టుకోకు."

"అంత దూరం కొట్టేది నేనైతే..."

"కొడతావు. సగం క్యాచ్‌లిచ్చేస్తావు."

ఈలోగా జట్టంతా మూగింది. "ఎందుకమ్మా ఇదంతా, వదిలెయ్ తల్లీ," అని రత్నం అంకుల్ తలవంచుకున్నారు. ఆయన వినయానికి నేను మరీ రెచ్చిపోయాను. ఆయన చోటు కాపాడి ఊరుకోవచ్చు కదా! "ఫైనల్‌లో అందరూ అంకుల్‌లాగే ఆడాలి. ఎవ్వరూ బ్యాట్ స్వింగ్ చేయొద్దు!" అని శాసించాను. దశాంశ స్థానాలు చూపిస్తే మనుషులు ఎంత సులువుగా లొంగిపోతారో ఆ రోజే తెలిసింది.

శనివారం ఫైనల్. అవతలి జట్టు పిచ్చర్ ఒక అమెరికన్ మామ్మగారు. జుట్టు పూర్తిగా తెల్లబడింది. ఆవిడని చూసి నేను ముసిముసిగా నవ్వుకున్నాను కూడా.

ర్యాంకు ప్రకారం రత్నం అంకుల్ ముందు దిగారు. మామ్మగారు పోస్టు డబ్బాలో ఉత్తరం వేసినంత తేలిగ్గా మూడు బంతులు సరైన చోటే వేసింది. అలాంటివి మూడు కొట్టకుండా వదిలేస్తే ఆట ముగిసినట్టే. అవుట్! రెండోవాడు నిలబడ్డాడు, అవుట్. మూడోవాడూ అంతే. పిచ్చర్ గురి తప్పకపోతే వాక్ ఎక్కడిది?

"సునీతా, ఇక కొట్టమంటావా?" అని జోసెఫ్ అన్న అరిచాడు.

"వద్దన్నా! శాంపిల్ చిన్నది. ఇంకాస్త చూద్దాం!"

చూశాం. వీసా ఇంటర్వ్యూ క్యూలో నిలబడ్డట్టు మా వాళ్ళు ఒకరి తరవాత ఒకరు బుద్ధిగా నిలబడి, బుద్ధిగా వెనక్కి వచ్చారు. ఆఖర్న జోసెఫ్ అన్న తిరగబడి బ్యాటు ఊపాడు. బంతి నేరుగా మామ్మగారి చేతిలో పడింది. మా స్కోరు సున్నా.

"ఇప్పుడు నా ర్యాంకెంత?" అన్నాడు పళ్ళు కొరుకుతూ.

"తొమ్మిది," అన్నాను. నిజం చెప్పడం నా బలహీనత.

ఆట అయ్యాక బిర్యానీ భోజనాల దగ్గర అందరూ నాకు దూరంగా జరిగి కూర్చున్నారు. నేను మాత్రం ప్లేటు పట్టుకుని తిన్నగా రత్నం అంకుల్ దగ్గరికే వెళ్ళాను.

"అంకుల్, వాళ్ళ మాట వదిలేయండి. మీ టెక్నిక్ చెప్పండి. ఏ బంతి వదిలేయాలో ఎలా తెలుస్తుంది మీకు?"

ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు. "తెలియదమ్మా. కుడి భుజం పట్టేసి ఏడాదైంది. బ్యాటు లేవదు. చెబితే టీమ్‌లోంచి తీసేస్తారని చెప్పలేదు. శనివారం వస్తే మీ అందరి మధ్యా ఉండొచ్చు కదా అని..."

సీజనంతా ఆయన పేరు పక్కన అన్ని అంకెలు రాశాను, "ఎలా ఉన్నారంకుల్?" అని ఒక్కసారి అడగలేదు.

అందుచేత సమస్త పాఠకుల ఎదుట, కుడి చెయ్యి పైకెత్తి (నాది లేస్తుంది) ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట ఏ మనిషి భుజమూ తడిమి చూడకుండా ర్యాంకు ఇవ్వను. ఇచ్చిన ర్యాంకు మాత్రం మార్చను. ఆ సీజన్‌కి మా జట్టులో అందరికన్నా విలువైన ఆటగాడు రత్నం అంకులే. కాదనేవాళ్ళు లెక్క చేసి చూపించండి.