కడ్డీ మీద ఒక్క గీత

నా చిన్నప్పుడు, అంటే రెండు వేల రెండు ప్రాంతంలో, మేం గల్ఫ్‌లో, ఫుజైరాలో ఉండేవాళ్లం. అక్కడి ఎండ గురించి చెబితే నన్ను అబద్ధాలకోరు అంటారు గానీ, బాల్కనీలో ఆరేసిన చొక్కా క్లిప్పు పెట్టేలోపే ఎండిపోయి, తీసేలోపే వెలిసిపోయేది. నాన్న రాళ్ల క్వారీ ఆఫీసులో, అమ్మ ఆస్పత్రిలో నర్సు. బడి నుంచి రాగానే నేను మా బిల్డింగు కిందున్న వేటసామాన్ల కొట్లో కూర్చునేదాన్ని. అక్కడ పనిచేసేది మా పక్కింటి మామయ్య, కరీంనగర్ మనిషి. ఆయన మీసం ఎంత పెద్దదంటే, ముందు అది కొట్లోకొచ్చి ఏసీ వేశాక ఆయన వచ్చేవాడు.

ఆ కొండ ఊళ్లలో పెళ్లిళ్లకి పాతకాలపు తుపాకులు పేల్చేవాళ్లు. గుండు ఉండదు. మూతిలోంచి మందు పోసి, కడ్డీతో దట్టించి, ఆకాశంలోకి చప్పుడు చేయడమే. మనవడు కాస్త ఎదిగితే మొదటి తుపాకీ సామాను తాతే కొనిపెట్టేవాడు.

ఒక మధ్యాహ్నం ఒక అరబ్బాయన కంగారుగా వచ్చాడు. నెల కిందట ఆయన కొడుకు, నా ఈడువాడే, కొండవాగు పొంగితే కొట్టుకుపోయాడు. బజారంతా ఎరిగిన సంగతే. ఇంట్లో ముసలాయన, ఆ పిల్లవాడి తాత, మాత్రం కంటతడి పెట్టలేదట. తిండి మానేశాడట. మనవడు ఇంకా ఉన్నట్టే మాట్లాడుతూ, ఇప్పుడు వాడికి తుపాకీ సామాను కొంటానని బయల్దేరాడట. కొట్టు బంద్ అని చెప్పమని మామయ్యని హిందీలో బతిమాలాడు. మామయ్య తలైతే ఊపాడు గానీ, ఎందుకు ఊపాడో ఆ మీసం చాటున తెలియలేదు.

ముసలాయన దుప్పట్లో చుట్టిన తుపాకీతో వచ్చాడు. దాని మూతి కొట్లోకి వచ్చేసరికి మడమ ఇంకా ఒమన్ సరిహద్దు దాటుతూనే ఉంది. మామయ్య బంద్ అనలేదు. కుర్చీ వేసి, పాలు లేని సులేమానీ చాయ్ తెప్పించి, పిల్లవాడు ఎంత ఉంటాడని అడిగాడు. ముసలాయన నా వైపు వేలు చూపించాడు. అంతే, నేను కొలతబొమ్మనైపోయాను.

"గిట్ల నిలబడు బిడ్డా, కదలకు" అన్నాడు మామయ్య.

"ఆ అబ్బాయి చచ్చిపోయాడు కదా మామయ్యా?" అన్నాను గుసగుసగా.

"ఎరుకే. గా పట్టీ జర పైకి పట్టు."

మందు పోసుకునే కొమ్ముకి పట్టీ నా భుజం మీదే సరిచూశారు. కొత్తవాడికి బరువు కాకూడదని చిన్న కొమ్ము, చెయ్యి ఎక్కువ పడకుండా ఒక కొలతగిన్నె, గొట్టం తుడవడానికి మెత్తటి గుడ్డముక్కలు, తుప్పు పట్టకుండా నూనె. దండయాత్రకి బయల్దేరే రాజు కూడా సామానుకి అంత ఆలోచించి ఉండడు. గడప దగ్గర నిలబడ్డ ముసలాయన కొడుకు మామయ్యని చూపులతోనే కాల్చేస్తున్నాడు.

చివరికి కడ్డీ. కొత్తవాళ్ల కడ్డీ మీద రెండు గీతలు గీస్తారు. ఖాళీ గొట్టంలోకి దింపినప్పుడు మూతి దగ్గర ఎక్కడ ఆగుతుందో అక్కడొకటి, మందు దట్టించాక ఎక్కడ ఆగుతుందో అక్కడొకటి. తుపాకీ నిండుగా ఉందో లేదో వాటిని చూసి తెలుసుకోవాలి. మామయ్య కడ్డీని గొట్టంలోకి దింపి, ఆకురాయితో ఒక గీత గీసి, ఆకురాయిని పక్కన పెట్టేశాడు.

ముసలాయన బొటనవేలితో ఆ గీతని తడిమాడు. కిందికీ పైకీ వెతికాడు. రెండోది ఏదని అడిగాడు.

అది పిల్లవాడు మొదటిసారి మందు పోసిన రోజున గీసుకోవాలని చెప్పాడు మామయ్య, నేల చూస్తూ.

ముసలాయన కడ్డీని ఒళ్లో పెట్టుకున్నాడు. "ఖలాస్" అన్నాడు. తరవాత ఏడ్చాడు. ఇది మాత్రం పెంచి చెప్పడం లేదు. కొడుకు వచ్చి ఆయన కాళ్ల దగ్గర కూలబడ్డాడు. మామయ్య లేచి, అప్పుడు తిప్పాడు కొట్టు బంద్ అన్న బోర్డు.

"నువ్వు ముందే చెప్పొచ్చుగా మామయ్యా, లేడని?" అని అడిగాను తరవాత.

"ఆయనకెరుకలేదా బిడ్డా. జర తోడు నడిచిన, గంతే."

నిరుడు నాన్న పోయాక, బట్టల కొట్లో అమ్మ ఆయన కొలతకి చొక్కా చూపించమంది. నాలాంటి వాగుడుకాయ నోటికి ఆ క్షణాన వెయ్యి మాటలొచ్చాయి. ఆ ఫుజైరా మధ్యాహ్నం నాలో ఎక్కడో ఉండబట్టి, అన్నీ మింగాను.

"ఫుల్ హ్యాండ్సా, హాఫ్ హ్యాండ్సా అమ్మా?" అని అడిగాను.

అమ్మ గుడ్డని వేళ్ల మధ్య నలిపి చూసింది. "ఫుల్లేనే. ఆయనకి చలెక్కువ" అంది.

కొట్లో అతన్ని ఒక్కొక్కటీ మడత విప్పి చూపించమన్నాను. మాకేం తొందర లేదన్నాను.