కింది ఊరికి కబురు

నా చిన్నప్పుడు మా తాత పట్టిన చేపల్లో సగం మళ్లీ నీళ్లలోకే వెళ్లిపోయేవి. మా ఊరు హుకుంపేట సంతకు కొండదారిలో రెండు గంటల నడక. ఊరి పక్కనుంచే ఒక గెడ్డ పారేది. కొండల్లో పుట్టి రాళ్ల మధ్య నుంచి దిగివచ్చే చిన్న ఏరును మా వైపు గెడ్డ అంటారు. వేసవి ముదిరేసరికి అది సన్నటి ధారగా మారి, అక్కడక్కడా మడుగులుగా నిలిచేది. తాత పొద్దుటే వెళ్లి, తాను అల్లిన వెదురు బుట్టను రాళ్ల సందులో పెట్టి, ఎండెక్కాక తీసేవాడు. అందులో పడిన చేపలను ఒక్కొక్కటిగా చేతిలోకి తీసుకుని కడుపు తడిమి చూసేవాడు. గుడ్లుంటే వదిలేసేవాడు. వేలెడంత లేకపోయినా వదిలేసేవాడు. మిగిలిన రెండో మూడో ఆకులో చుట్టి నా చేతికిచ్చేవాడు.

మామూలు రోజుల్లో నాకు అది ఒక ఆటలా ఉండేది. వదిలిన చేప ఎటు పోతుందో చూస్తూ కూర్చునేదాన్ని. కానీ నాకు తొమ్మిదేళ్లున్న ఆ వేసవిలో ఆట కాలేదు. తొంభైల మొదటి సంవత్సరాలు అవి. మా తమ్ముడు అప్పుడే పుట్టాడు. కాన్పులో అమ్మ బాగా చిక్కిపోయింది. పాలు చాలక తమ్ముడు పగలంతా సన్నగా ఏడుస్తూ ఉండేవాడు. నాన్న కాఫీ తోటల పనికి వెళ్లి వారానికోసారి వచ్చేవాడు. చేపల పులుసు పెడితే తల్లికి పాలు పడతాయని ఇంటికొచ్చిన ప్రతి ఆడమనిషీ చెప్పి వెళ్లేది. ఆ మాట నేను గట్టిగా పట్టుకున్నాను.

ఒకరోజు బుట్టలో నా అరచేయి కంటే పెద్ద చేప పడింది. తాత దాని కడుపు తడిమాడు. ఆయన వంగి, దాన్ని మెల్లగా నీళ్లలో విడిచిపెట్టాడు.

"అమ్మకి కావాలి గదా తాతా," అన్నాను.

"రేపు మళ్లీ వద్దుం," అన్నాడు, అంతే.

తాతకు నా తల్లి కన్నా ఆ చేప ఎక్కువైందని అనుకున్నాను. ఆ రాత్రి పక్కన పడుకున్న అమ్మ ఎముకలు నా చేతికి తగులుతుంటే, నా కోపం న్యాయమైనదే అనిపించింది.

అంతకుముందు సంతలో ఇద్దరు మనుషులు చెప్పుకుంటుంటే విన్నాను, నూతిలో కలిపే బ్లీచింగ్ పౌడరును మడుగులో పోస్తే చేపలన్నీ వాటంతటవే పైకి తేలతాయని. మా ఊరి నూతిలో కలపమని ఇచ్చిన పొడి ఒక ప్లాస్టిక్ కవరులో మా ఇంటి అటక మీదే ఉంది. తాత ఊరి పెద్ద కాబట్టి ఆయన దగ్గరే పెట్టారు. మర్నాడు ఆయన వెదురు నరకడానికి వెళ్లగానే నేను ఆ కవరు, ఒక పెద్ద గంప తీసుకుని గెడ్డకు పరుగెత్తాను.

పొడి పోయగానే మడుగు కుడితిలా తెల్లబడింది. ముక్కు మండే వాసన వచ్చింది. కాసేపు ఏమీ కాలేదు. తర్వాత చిన్న చేపలు పైకి వచ్చి నోళ్లు తెరిచాయి. నేను నవ్వుకుంటూ రెండు చేతులతో గంపలోకి తోడాను. తర్వాత జెల్లలు వచ్చాయి, పరిగెలు వచ్చాయి. నిన్న తాత వదిలేసిన పెద్ద చేప వచ్చిందో, దానిలాంటిదే మరొకటో, నాకు తెలియదు. పీతలు రాళ్ల మీదికి ఎక్కాయి. కప్పలు గట్టుకు చేరి కదలకుండా ఉండిపోయాయి. గంప నిండింది. అయినా ఇంకా తేలుతూనే ఉన్నాయి. చివరికి సామ గింజలంత పిల్లలు, పేర్లు కూడా పెట్టనివి, నీళ్లంతా పరుచుకున్నాయి. వాటిని తీయడానికి చేతులు సరిపోవు, తీసినా ఎందుకూ పనికిరావు. అక్కడెక్కడో నా సంతోషం ఆగిపోయింది. కానీ ఆ మాట నాకు నేను చెప్పుకోలేదు. గంప నెత్తిన పెట్టుకుని ఇంటికి వచ్చాను.

తాత అప్పటికే వచ్చి గుమ్మంలో కూర్చుని వెదురు చీలుస్తున్నాడు. గంప చూశాడు. ఒక చేప తీసి వాసన చూశాడు.

"ఏటి కలిపినావు?"

చెప్పాను. దెబ్బలు పడతాయని మెడ వంచుకుని నిలబడ్డాను. ఆయన నన్ను చూడలేదు. తల ఎత్తి పొద్దు ఎంతెక్కిందో చూశాడు.

"కింది ఊరోళ్లు నీళ్లకి దిగే ఏల ఇది," అన్నాడు. లోపలికి తిరిగి, ఆ చేపలు ముట్టుకోవద్దని అమ్మకు చెప్పాడు. నా చెయ్యి పట్టుకున్నాడు. "బేగి రా."

కింది ఊరు మా గెడ్డ వెంటే దిగితే గంటకు పైగా నడక. ఆ రోజు మేం నడవలేదు, పరుగెత్తాం. తాతకు అప్పటికే అరవై దాటి ఉంటాయి. రాళ్ల మీద కాళ్లు జారుతున్నా ఆగలేదు. నీళ్లలో మాతో పాటే చేపలు తేలివస్తూ ఉన్నాయి, తెల్లటి కడుపులు పైకి పెట్టుకుని. ఏడుపు ఆపుకోలేక నేను ఒక మాట అన్నాను.

"మన గెడ్డే గదా తాతా."

"మనదేటే గుంటా," అన్నాడు ఆయన, రొప్పుతూనే. "మనూరి మీంచి ఎల్తంది, అంతే."

మేం చేరేసరికి కింది ఊరి పిల్లలు చచ్చిన చేపలను గడ్డిపరకకు గుచ్చి ఇంటికి పట్టుకెళుతున్నారు. ఆడవాళ్లు కుండలతో రేవులో దిగుతున్నారు. పశువులు అప్పటికే నీళ్లలో మూతి పెట్టాయి. తాత రెండు చేతులూ పైకెత్తి కేక వేశాడు, ఆ నీళ్లు ముట్టుకోవద్దని, ఆ చేపలు తినొద్దని, పైన మా ఇంట్లోంచి మందు పడిందని. మా ఇంట్లోంచి అన్నాడు గానీ, నా పేరు చెప్పలేదు. ఆడవాళ్లు కుండలు ఒంపేశారు. పిల్లల చేతుల్లోంచి చేపలు లాగి పారేశారు. ఒకాయన తాత మీదికి వచ్చాడు.

"పశువులన్నీ సచ్చినాక సెప్తావేటి? ఊరికి పెద్దవి నువ్వు."

తాత తల వంచుకుని నిలబడ్డాడు. నాలుగూళ్లలో తగువులొస్తే ఆయన్ను పిలిచేవారు. ఆయన మాట తీసేసినవాళ్లను నేనెప్పుడూ చూడలేదు. అలాంటి మనిషి నా మూలంగా నోరు విప్పకుండా మాటలు పడుతుంటే చూడలేకపోయాను.

"నేనే కలిపినాను," అన్నాను. "తాతకి తెల్దు."

అందరూ నావైపు తిరిగారు. అప్పుడు గుంపులోంచి ఒక ముసలామె ముందుకు వచ్చింది. మా తాత ఆమెను అప్పా అని పిలిచాడు. మా వైపు అక్కను అప్ప అంటారు. నాకు ఆమె మామ్మ వరస. వంగిన నడుముతో వచ్చి, నా ఎత్తుకే నిలబడి అడిగింది.

"ఎందుకు కలిపినావే?"

"మా అమ్మకి పాలు రావట్లేదు మామ్మా. తమ్ముడు ఏడుత్తన్నాడు."

ఆమె వెనక్కి తిరిగి వరసగా పనులు చెప్పింది. పశువులను కొండ మీదికి తోలమంది. గెడ్డకు దూరంగా ఇసుకలో చెలమ తవ్వమంది. తాత మొలకు తుండు బిగించి, తనను తిట్టిన మనిషి పక్కనే కూర్చుని ఇసుక తోడటం మొదలుపెట్టాడు. నేనూ చేతులతో తోడాను. మోకాలి లోతున నీళ్లు ఊరినప్పుడు, బురద తేరేదాకా మామ్మ గట్టున కూర్చుని చూసి, మొదటి దోసెడు తానే తాగి చూసింది.

తర్వాత నన్ను ఇంటికి తీసుకెళ్లింది. చోడి అంబలి పోసింది. నేను తాగుతుంటే పొయ్యి పైన వేలాడే బుట్టలోంచి ఒక ఆకు పొట్లం దింపింది. లోపల పొగకు నల్లబడిన ఎండు చేపలున్నాయి.

"ఈ గెడ్డయే. పోయినేడు ఎండబెట్టినాను. మీ అమ్మకి పులుసెట్టండి."

నేను చెయ్యి చాచలేకపోయాను. వాళ్ల నీళ్లు పాడుచేసి వచ్చినదాన్ని. వాళ్ల రేవులో ఇక ఈ ఏడాది చేప ఉండదని నాకు అప్పటికి అర్థమైంది. ఆమె పొట్లం నా ఒడిలో పెట్టింది.

"తీస్కో. నువ్వు నడిసొచ్చి సెప్పినావు. సెప్పకపోతే మాకెలా తెలుత్తాది, పైన ఎవుల్ ఏటి సేత్తన్నారో."

తిట్లు తింటానని వెళ్లినదాన్ని. తిట్లయితే ఈపాటికి మరిచిపోయేదాన్నేమో. ఆ పొట్లం బరువు మాత్రం ఇప్పటికీ గుర్తుంది, పిట్ట ఈక కన్నా కాస్త ఎక్కువ, అంతే.

మందు నీళ్లు తాగిన ఒక దూడ రెండు రోజులు మేత ముట్టలేదు. నన్ను ఇంటికి పంపేసి, ఆ రెండు రోజులూ తాత కింది ఊళ్లోనే ఉన్నాడు. మూడో రోజు అది లేచి గడ్డి కొరికాకే ఇంటికి వచ్చాడు. వచ్చాక, గంపలోని చేపలను నేను గోతిలో పూడ్చిన చోటు చూసి, నా పక్కన కూర్చుని తమ కాలం సంగతి చెప్పాడు. వాళ్లూ చెట్టు బెరడు దంచి మడుగులో కలిపేవారట. అయితే ఏడాదికి ఒక్కసారే, అదీ ముందు రోజు కింది ఊరికి కబురు పెట్టి, వాళ్లు నీళ్లు పట్టుకున్నాక, రెండూళ్లూ కలిసి. కబురు పెట్టకుండా ఎవరూ గెడ్డలో చెయ్యి పెట్టేవారు కాదట. ఆ మాటల్లో నన్ను తప్పుపట్టడం లేదు. తాను చెప్పాల్సింది ముందే చెప్పలేదన్న బాధే ఉంది.

అమ్మ మెల్లగా కోలుకుంది. మామ్మ ఇచ్చిన చేపల వల్లో, నాన్న తెచ్చిన తిండి వల్లో, ఎవరికి తెలుసు. తమ్ముడి ఏడుపు తగ్గింది. కానీ ఆ వేసవంతా సాయంత్రాలు గెడ్డలో కప్ప అరవలేదు. అంత చప్పుడు ఉండేదని అది పోయాకే నాకు తెలిసింది.

వానలు మొదలయ్యాక తాత ఒక కొత్త కుండ తెచ్చి నన్ను లేపాడు. రెండు కొండలు ఎక్కి, గెడ్డ పుట్టే చోటికి దగ్గరలో ఉన్న మడుగుకు వెళ్లాం. బుట్ట వేసి చేపలు పట్టాడు. ఈసారి గుడ్లున్నవాటినే ఉంచి, మిగతావి వదిలేశాడు. వాటిని కుండలో వేసి, దారి పొడవునా ఊట కనపడ్డచోటల్లా నీళ్లు మారుస్తూ దించాం. వానకు చేపలు వాటంతటవే వస్తాయి కదా అని అడిగాను.

"వత్తాయి," అన్నాడు. "అవొచ్చేదాకా మనం ఊరికే కూకోడమెందుకు?"

మా మడుగు వచ్చింది. నేను కుండ దింపబోయాను. తాత ఆగలేదు. దాన్ని దాటుకుని ముందుకు నడిచాడు. ఆ రోజు మేం కింది ఊరి రేవు దాకా వెళ్లి, బతికున్న చేపలను అక్కడ వదిలాం. మామ్మ గట్టు మీద నిలబడి చూసింది. మా మడుగుకు రెండోసారి తెచ్చాం. ఆ వానాకాలంలో ఎన్నిసార్లు కొండెక్కామో గుర్తులేదు. మా మడుగులో మళ్లీ బుట్ట వేయడానికి తాత రెండేళ్లు ఆగాడు.

తాత పోయి చాలా ఏళ్లైంది. మామ్మ అంతకుముందే పోయింది. నేను చదువుకుని, టీచరు ఉద్యోగం వచ్చి, కొండ దిగి సాలూరులో స్థిరపడ్డాను. రెండు వేల పది దాటాక అక్కడ చిన్న ఇల్లు కట్టుకున్నాం. బాత్రూముల మురుగు గొట్టాన్ని వెనకున్న కాలువలోకి వదిలేద్దామన్నాడు మేస్త్రీ. వీధిలో అందరూ అలాగే చేశారు, ఖర్చు కూడా తక్కువ. నేను రేపు చెబుతానని, ఆ సాయంత్రం కాలువ పట్టుకుని నడిచాను. మా ఆయన కూడా వచ్చారు, ఎందుకో అర్థం కాకపోయినా. ఇళ్లు అయిపోయాయి. ఒక కల్లం దాటాం. అక్కడ ఒకామె మోకాలి లోతు నీళ్లలో దిగి, మర్నాడు బజారుకు తీసుకెళ్లే తోటకూర కట్టలు కడుగుతోంది. ఎవరింటికొచ్చారమ్మా అని అడిగింది. ఊరికే వచ్చామని చెప్పి కాసేపు మాట్లాడి తిరిగొచ్చాం. మర్నాడు పెరట్లోనే గుంత తవ్వమని మేస్త్రీకి చెప్పాను. కాలువ ఉండగా ఇదేం పనండీ అని నవ్వాడు. తవ్వాడు.

తర్వాత వీధిలో ఇద్దరు ముగ్గురితో కూడా మాట్లాడాను. ఒకరు విన్నారు, మిగతావాళ్లు వినలేదు. భూమినంతటినీ బాగుచేసే శక్తి నాకు లేదని నాకు తెలుసు. కానీ ఏదైనా పారబోసేముందు, పారేసేముందు, తగలబెట్టేముందు, అది ఎవరి గుమ్మం దాకా వెళుతుందో కొంచెం నడిచి చూడాలనిపిస్తుంది. అక్కడ ఎవరో ఒకరు తప్పకుండా ఉంటారు. వాళ్లకు కబురు చెప్పకుండా నా ఇంటి నీళ్లు అటు పంపాలంటే ఈ వయసులో కూడా నాకు బిడియమే.