డాక్టరు ఊన్ అన్నాడు

ముప్ఫై ఏళ్లుగా ఒక అబద్ధం మింగలేక కక్కలేక బతుకుతున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

మా అత్తకు దమ్ము రోగం. చలికాలం వచ్చిందంటే ఊపిరి అందేది కాదు. పానగల్లు దగ్గరి పల్లెలో గొర్రెలు కాసే ఇల్లు మాది. కత్తిరించిన ఉన్నిని ఏకి రాట్నం మీద వడికేది అత్తే. నేను నకిరేకల్ నుంచి కోడలిగా వచ్చాను. మా బాపు కచేరీలో బంట్రోతు కాబట్టి నాకు ఉర్దూ అర్థమయ్యేది. ఆ ఇంట్లో ఇంకెవరికీ రాదు. ఆ గొప్పతోనే, పెళ్లయిన ఏడాది చలికాలంలో అత్తను నల్లగొండ దవాఖానకు నేనే తీసుకుపోయాను. నిజాం రాజ్యం పోయినా అక్కడ మాటలింకా ఉర్దూలోనే.

"ఊన్ సే దూర్ రఖో" అన్నాడు డాక్టరు. ఉన్నికి దూరంగా ఉంచాలట. వడకొద్దు, గొంగడి కప్పుకోవద్దు అని విడమరిచి కూడా చెప్పాడు.

అత్త నా కొంగు పట్టుకుంది. "ఏమంటున్నడు బిడ్డా? ఊన్ ఊన్ అంటున్నడు?"

నాకు ఆ ఉన్ని వాసనే గిట్టదు. ఆమె మానేస్తే రాట్నం ముందు కూర్చోవాల్సింది నేనే. అంత లెక్క వేసుకున్నానా అప్పుడు? ఏమో. నోరు మాత్రం తడుముకోలేదు.

"ఊన్ కాదత్తా, ఖూన్. నీ ఒంట్ల నెత్తురు తక్కువున్నదట. జర వెచ్చగ ఉండమన్నడు."

"గంతేనా? ఇంకేం ఫికర్ లేదు తియ్యి" అని నవ్వింది.

ఇక ఆ తర్వాత నా సేవ చూడాలి. కార్తీకం నుంచి శివరాత్రి దాకా రోజూ పొద్దున్నే వావిలాకు మరగబెట్టి, కుండ మీదికి ఆమెను వంచి, ఆవిరి పోకుండా పైన గొంగడి కప్పేదాన్ని. అవును, గొంగడే. ఛాతీకి వేడి ఆముదం రాసేదాన్ని. నెత్తురు పట్టాలని మేక కార్జం వండిపెట్టేదాన్ని. ఆమె దగ్గుతూనే ఉండేది. నాకు ఒళ్లు మండేది. ఇంత చేస్తున్నా తగ్గదేమని ఆమె మీదనే విసుక్కునేదాన్ని. ఎందుకు తగ్గదో తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే కదా, ఎవరి మీద ఆ విసుగు?

మూడో ఏటికి ఆమెకు ఓపిక పోయింది. రాట్నం నా ముందుకు రానే వచ్చింది. ఏ పని తప్పించుకోవాలని అబద్ధమాడానో ఆ పని నెత్తిన పడ్డాక, ఇంకా ఎందుకు దాచాను? ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని అడుగుతారని. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకున్నాను. ఆరో ఏట, నేను వడికిన ఉన్నితో నేయించిన కొత్త గొంగడిని నా చేతులతోనే ఆమెకు కప్పాను. కోడలు వడికిందని వచ్చినవాళ్లందరికీ చూపించింది. ఆ చలికాలం దాటలేదు.

ఉన్ని మానితే బతికేదా? అప్పట్లో ఆ డాక్టరును మళ్లీ పోయి అడగగలిగేదాన్నే. అడగలేదు. బతికేదంటాడని భయం. మా ఆయన ఇప్పటికీ నలుగురిలో చెబుతాడు, తన తల్లిని నాలా చూసుకున్న కోడలు చుట్టుపక్కల ఊళ్లలో లేదని. నేను తల వంచుకుంటాను. అది వినయమనుకుంటారు.

క్షమించమని అడుగుదామంటే ఆ మనిషి లేదు. మీరు క్షమిస్తానన్నా నేను ఒప్పుకోను, ఆ హక్కు మీకు లేదు. కానీ ఇంతకాలం ఈ సంగతి నాకొక్కదానికే తెలుసు. రేపు ఆయన మళ్లీ నన్ను పొగిడినప్పుడు, అది నిజం కాదని తెలిసినవాళ్లు ఈ లోకంలో ఇంకొకరుంటారు.