రావద్దని కంచాలు కొట్టిన రోజు

మా పై ఫ్లాట్లోకి ఈమధ్యే ఒక కొత్త కుటుంబం దిగింది. ఆరేసిన బట్టల మీద పావురాలు వాలి పాడుచేస్తున్నాయని ఆ ఇల్లాలు పొద్దున్నే బాల్కనీలోకి ఒక స్టీలు కంచం, గరిటె పట్టుకొచ్చి టంగుటంగుమని వాయిస్తుంది. కువైట్ నగరంలో బ్నీద్ అల్ గార్‌లోని ఈ పాత బిల్డింగుల్లో పావురాల బెడద పడనివాళ్ళు లేరు కనుక ఆవిడను అనవలసిందేమీ లేదు. కానీ మొదటిరోజు ఆ చప్పుడు చెవిన పడగానే నేను చేతిలోని టీ కప్పు ఎక్కడో పెట్టేసి, చెప్పులు వేసుకుని, ఎవరో పిలిచినట్టు తలుపు దాకా పరుగెత్తాను. గొళ్ళెం మీద చెయ్యి వేశాక గానీ, నాకు అరవయ్యోపడి వచ్చిందనీ, పరుగెత్తవలసిన చోటు ఇప్పుడు లేనే లేదనీ గుర్తుకు రాలేదు. ఆ రోజంతా మళ్ళీ ఏ పనీ చేయలేకపోయాను.

మాది కోనసీమ. అడుగు తీసి అడుగు వేస్తే నీళ్ళు తగిలే చోట పుట్టినదాన్ని కాబట్టి, నీళ్ళ గురించి ప్రత్యేకంగా చదువుకోవాలన్న ఆలోచన మా ఇంట్లో అందరికీ వింతగానే తోచింది. కాకినాడలో వృక్షశాస్త్రం చదివి, గోదావరి సముద్రంలో కలిసే చోట మడ అడవుల బురదలో మోకాళ్ళ లోతున దిగి మొక్కలు లెక్కపెట్టే పనిలో రెండేళ్ళు గడిపాను. మా మేనత్త నన్ను చూసినప్పుడల్లా, ఇంత చదువూ చదివి చివరికి బురదలోకే దిగావా అని నొచ్చుకునేది. పెళ్ళయ్యాక మావారి వెంట కువైట్ వచ్చాను. ఆయన రోడ్డు పనుల్లో సర్వేయరు. ఎడారి దేశానికి వెళుతున్న చిత్తడి నేలల చదువరిని చూసి ఆయన స్నేహితులు నవ్విన నవ్వు నాకింకా గుర్తుంది. ఇసుకలో ఏం లెక్కపెడతావమ్మా అన్నారు.

మన ఈడువాళ్ళలో చాలామందికి కువైట్ అంటే నూనె బావులు, ఇసుక, కూలీల పేట మంగఫ్‌లో తెల్లవారకముందే వరసకట్టే కంపెనీ బస్సులు. నేనూ అంతే అనుకున్నాను. కానీ ఊరికి ఉత్తరాన, అఖాతం ఒడ్డున, శుద్ధి చేసి వదిలిన మురుగునీరు ఏళ్ళ తరబడి పల్లంలోకి చేరి చేరి, దానంతట అదే ఒక మడుగైంది. దాని చుట్టూ మనిషెత్తు రెల్లు మొలిచింది. రెల్లు వెనక సముద్రపు బురద మేటలు కనుచూపు మేర పరుచుకుని ఉండేవి. ఆ నీళ్ళను కనిపెట్టుకుని ఉండే ఒక ఆఫీసులో (పేరు చెప్పను, చెప్పి ప్రయోజనమూ లేదు) నాకు ముందు సహాయకురాలిగా, తరువాత పరిశోధకురాలిగా పని దొరికింది.

అక్కడ మా పెద్ద సారు ఈజిప్టు ఆయన. వయసులో చలిదేశంలో చదువుకుని, ఉత్తర ధ్రువానికి దగ్గరగా ఉండే చిత్తడుల్లో చాలాకాలం పనిచేసి, మోకాళ్ళు ఆ చలికి తట్టుకోలేకపోతే ఇటు వచ్చినవాడు. నన్ను 'యా బింతీ' అనేవాడు, అంటే అమ్మాయీ అని. మనం మడుగులో చూసే పక్షుల్లో సగం అక్కడ గుడ్డు పగిలి పుట్టినవేనని ఆయన చెబుతుంటే, నాకు ఆ ఊళ్ళన్నీ చుట్టాల ఊళ్ళలా అనిపించేవి. ఆ నేల అడుగున వేల ఏళ్ళుగా గడ్డకట్టుకుని ఉన్న మంచు ఇప్పుడు కరుగుతోందనీ, పైన నిలిచిన నీళ్ళు అడుగు ఊడిన కుండలోంచి జారినట్టు ఇంకిపోతున్నాయనీ ఆయన చెప్పేటప్పుడు గొంతులో కోపం ఉండేది కాదు, బెంగ ఉండేది. అక్కడ గూడు పోతున్నా ఇక్కడ దిగడానికి ఇంత చోటుంటే చాలు, మన పని ఆ చోటు నిలబెట్టడమే అనేవాడు. నా ఉద్యోగం మొత్తానికి నాకు ఎవరైనా చెప్పిన ఉపదేశం అదొక్కటే.

మొదటి సెప్టెంబరు నేను మరిచిపోలేను. ఎండ ఇంకా మాడుస్తూనే ఉండగా, ఒక పొద్దున ఉత్తరం నుంచి సన్నగా గాలి తిరిగింది. రెల్లు పైన ఆకాశంలో ఒక మసక గీత కనబడి, దగ్గరై, చిన్న చిన్న బాతులుగా, పొడవాటి ఎర్రకాళ్ళ నీటిపిట్టలుగా విడివడి, ఆ మడుగులోకి ధారగా దిగింది. దిగిన పిట్ట దిగినట్టే కదలకుండా తేలుతూ ఉండిపోయింది. అంత దూరం ఎగిరి వచ్చిన అలసట అని సారు చెప్పాడు. నేను ఇంటికి వచ్చి మావారికి ఆ సంగతి ఒకటే చెప్పడం. ఆయన అన్నం తింటూ, "ఊర్నించి మా అమ్మొచ్చినప్పుడు కూడా ఇంత సంబరపడలేదే నువ్వు" అని ఏడిపించారు. ఆయనకు పిట్టలంటే పెద్ద పట్టింపు ఉండేది కాదు. నాకోసం వినేవారు, అంతే.

అలా చాలా ఏళ్ళు బాగానే గడిచాయి. ఏడాదికేడాది ఎండ ముదరడం, మడుగు అంచు కొద్దికొద్దిగా లోపలికి జరగడం మేము చూస్తూనే ఉన్నాం, రాసి పైకి పంపుతూనే ఉన్నాం. అంతలో ఒక వేసవి నడిమధ్యలో మడుగుకు ఆ శుద్ధి చేసిన నీళ్ళు పంపే పంపు చెడింది. బాగుచేసేవాళ్ళు సెలవుల్లో ఉన్నారన్నారు. సంతకం పెట్టవలసినవాళ్ళు చల్లటి దేశాలకు వెళ్ళారు. సారు రోజూ ఫోను చేసేవాడు, అవతలివాళ్ళు రోజూ 'బుక్రా' అనేవారు, అంటే రేపు. గల్ఫ్‌లో పనిచేసిన ప్రతివాడికీ ఆ రేపు ఎంత పొడుగో తెలుసు. ఆగస్టు ముగిసేసరికి మడుగు సగమై, నీళ్ళు ముదురాకుపచ్చగా చిక్కబడి, చేపలు తెల్లగా తేలాయి.

తరువాత పిట్టలు పడడం మొదలైంది. గాలి ఆడని వేడినీటి అడుగున బురదలో ఒక విషక్రిమి మేలుకుంటుంది. ఆ విషం చచ్చిన చేపలకు పట్టిన పురుగుల్లో చేరుతుంది, ఆ పురుగుల్ని పిట్టలు తింటాయి. ముందు కాళ్ళు, తరువాత రెక్కలు, చివరికి మెడ చచ్చుబడతాయి. పిట్ట బతికే ఉంటుంది, కళ్ళు తెరిచే ఉంటుంది, కానీ మెడ నిలవక తల నీళ్ళలోకి వాలిపోయి, ఆ జానెడు నీటిలోనే ఊపిరాడక చనిపోతుంది. దానికి మందంటూ మా దగ్గర ఏమీ లేదు. నీడ, మంచినీళ్ళు, తల ఎత్తి పట్టుకునే చెయ్యి మాత్రమే ఉన్నాయి. సారూ నేనూ పొద్దంతా బురదలో తిరిగి చచ్చినవాటిని ఏరి పూడ్చేవాళ్ళం, కొనఊపిరితో ఉన్నవాటిని అట్టపెట్టెల్లో పెట్టి తీసుకొచ్చేవాళ్ళం. సెలవులకని ఆఫీసుకు తాళం వేసి ఉంది కనుక వాటిని అప్పట్లో మేముండే మహబూలాలోని ఫ్లాటుకే తెచ్చాను. స్నానాల గదిలో తడిగుడ్డలు పరిచి వరసగా పడుకోబెట్టి, సన్నటి గొట్టంతో గొంతులోకి నీళ్ళు వదిలేదాన్ని. మావారు డ్యూటీ నుంచి దుమ్ముకొట్టుకుని వచ్చి, స్నానానికి చోటు లేక వంటింటి సింకులో మొహం కడుక్కునేవారు. ఒక్కమాట విసుక్కోలేదు. ఒకరోజు నేను వంట చేస్తుంటే ఆయన నేల మీద చతికిలబడి, ఒక నీటికోడి తలను రెండు వేళ్ళ మీద ఎత్తి పట్టుకుని, "ఇది నా వంకే చూత్తందే" అన్నారు. అది మర్నాటికి పోయింది. చాలావరకు పోయాయి.

అప్పుడే ఉత్తరపు గాలి తిరిగింది. ఏళ్ళ తరబడి ఏ గాలి కోసం కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూశానో, ఆ గాలి తగలగానే నాకు భయం వేసింది. గుంపులు వస్తాయి, అలసటతో వస్తాయి, కనబడిన ఒకే ఒక్క నీటిలో దిగుతాయి. ఆ నీళ్ళు విషం. సారు ఆ నీళ్ళ వంక చూస్తూ, "యా బింతీ, వాటిని దిగనివ్వకూడదు" అన్నాడు.

ఆ శుక్రవారం మా కింది ఫ్లాట్లో ఉండే రాయచోటి అక్కను సాయం అడిగాను. స్కూల్లో శుభ్రం చేసే పని ఆమెది. గదిలో తనతో ఉండే ఆడవాళ్ళను నలుగురినీ వెంటబెట్టుకుని, వారానికి ఒక్కటైన సెలవును వదులుకుని వచ్చింది. ఇంట్లో ఉన్న స్టీలు కంచాలు, మూతలు, గరిటెలు సంచిలో వేసుకుని వెళ్ళాం. మడుగు చుట్టూ తలా ఒక దిక్కున నిలబడ్డాం. మొదటి గుంపు ఆకాశంలో కనబడి, తిరిగి, రెక్కలు ముడుచుకుని కిందికి జారుతుంటే మేమందరం ఒక్కసారిగా కంచాలు బాదుతూ అరిచాం. పిట్టలు బెదిరి పైకి లేచాయి. ఒక చుట్టు తిరిగి మళ్ళీ వచ్చాయి. మళ్ళీ కొట్టాం. మళ్ళీ వచ్చాయి. వాటికి ఎగిరే ఓపిక లేదని కిందనుంచి చూస్తేనే తెలుస్తోంది. రాయచోటి అక్క హఠాత్తుగా చేతులు దించేసింది.

"ఏమ్మా, యాడికి పోతాయి అవి? యాడన్నా ఇంకో చోట నీళ్ళుండాయా?"

"లేవక్కా."

"మరి ఎట్లమ్మా? దప్పికతో వచ్చినదాన్ని వాకిట్లో నిలబెట్టి తరిమినట్ల కాదూ?"

దిగితే చస్తాయి అన్నాను. ఎగిరినా చస్తాయేమోనన్నది నేను అనలేదు, ఆమెకు అర్థమైంది. కళ్ళు తుడుచుకుని కంచం ఎత్తుకుంది. ఇరవయ్యేళ్ళ నా చదువు, నా ఉద్యోగం, సారు నాకు చెప్పిన ఆ ఒక్క మాట, అన్నీ కలిసి నన్ను చివరికి ఎక్కడ నిలబెట్టాయో చూడండి. రమ్మని ఏళ్ళపాటు కాపు కాసినదాన్ని, రావద్దని గొంతు పోయేలా అరుస్తున్నాను. కొన్ని గుంపులు దక్షిణానికి సముద్రం మీదుగా వెళ్ళిపోయాయి. కొన్ని బురద మేటల అవతల ఉప్పునీళ్ళలో వాలాయి. ఒకటి రెండు మా కళ్ళముందే ఇసుకలో రాలాయి.

ఆ అరుపుల్లోనే నా ఫోను మోగింది. మావారి సైటు నుంచి ఫోర్‌మన్.

మధ్యాహ్నపు ఎండలో బయట పని చేయించకూడదన్న నిబంధన అక్కడ ఆగస్టుతో ముగుస్తుంది. ఎండకు ఆ సంగతి తెలియదు. పని వెనకబడిందని శుక్రవారం కూడా డ్యూటీ వేశారు. ఈయన కొలతల పరికరం దగ్గర నిలబడినవారు నిలబడినట్టే తడబడి, ఏదో పొంతన లేని మాటలు మాట్లాడి కూలిపోయారట. నేను బురద కాళ్ళతోనే ఆసుపత్రికి వెళ్ళాను. సారు కారు నడుపుతూ దారంతా ప్రార్థన చేసుకుంటూనే ఉన్నాడు. వార్డులో ఒళ్ళంతా ఐసు గుడ్డలు కప్పి ఉంచారు. కళ్ళు తెరిచే ఉన్నాయి. మలయాళీ నర్సు ఆయన తల కింద చెయ్యి పెట్టి ఎత్తి పట్టుకుని ఉంది, మెడ నిలవడం లేదని. నేను ఆ చేతిని పక్కకు తీసి నా చెయ్యి పెట్టాను. ఆ తల బరువు నా చేతికి కొత్త కాదు. అప్పటికి వారాలుగా నేను మోస్తున్న బరువే.

ఆయన బతికారు. కానీ మెదడులో నడకనూ మాటనూ నడిపే భాగం ఆ వేడికి మాడిపోయిందన్నారు డాక్టర్లు. లేచి నిలబడితే పడవలో నిలబడ్డ మనిషిలా ఊగిపోయేవారు. మాట ఒక్కొక్క అక్షరం ఎక్కడినుంచో లాక్కొచ్చినట్టు వచ్చేది. కంపెనీ మర్యాదగానే ఖలాస్, అంటే ఇక అయిపోయిందని చెప్పి, ఆ దేశంలో ఉండడానికిచ్చే ఇఖామా రద్దు చేసి, టికెట్టు చేతిలో పెట్టింది. మా మరిది వచ్చి ఊరికి తీసుకెళ్ళాడు. ఇల్లు గడవడానికీ, మందులకూ ఇద్దరిలో ఒకరైనా సంపాదించాలి కనుక నేను ఉండిపోయాను. విమానాశ్రయంలో చక్రాల కుర్చీలో కూర్చుని ఆయన నా చెయ్యి వదలలేదు. మరిది ఆ వేళ్ళను ఒకటొకటిగా విడదీయవలసి వచ్చింది. అది నా జీవితంలో నేను చూసిన అన్నిటిలోకీ చూడలేనిది.

పంపు చలికాలంలో బాగుపడింది. ఆపై ఏడాది సారు మోకాళ్ళ నొప్పులతో తన దేశం వెళ్ళిపోయి, కొన్నాళ్ళకు పోయాడని తెలిసింది. రాయచోటి అక్క కూతురి కాన్పుకని వెళ్ళి మళ్ళీ రాలేదు. నేను మాత్రం ఆ మడుగు దగ్గరే ఇంకా చాలా సెప్టెంబర్లు నిలబడ్డాను. నీళ్ళలో కొంత రోడ్ల పక్కన చెట్లకు మళ్ళించారు, తరువాత ఇంకొంత. రెల్లు ఎండి ఒకసారి అంటుకుంది. గుంపులుగా వచ్చేవి పదులుగా, పదులుగా వచ్చేవి ఒకటీ అరాగా తగ్గాయి. ఉత్తరాన తగ్గాయో, దారిలో తగ్గాయో, మా దగ్గరే తగ్గాయో నేను నిశ్చయంగా చెప్పలేను. ఇంతకాలం చదివి నేర్చుకున్నది అది చెప్పలేకపోవడమేనేమో.

చిత్రమేమిటంటే, పిట్టల మీద పట్టింపు లేని మావారు ఊరు వెళ్ళాక ప్రతి సెప్టెంబరులోనూ ఫోనులో ఒక్కటే అడిగేవారు, "వ... చ్చా... యా?" అని. మొదట్లో వచ్చాయండి అనేదాన్ని. తరువాత, వచ్చాయండి, కొంచెం తక్కువ అనేదాన్ని. ఒక ఏడు ఏమీ దాచలేక, రాలేదండీ అన్నాను. ఫోనులో ఆయన ఊపిరి వినబడుతూ ఉంది. చివరికి ఎంతో ప్రయాసపడి, "దారి... మర్చిపోయుంటాయిలే" అన్నారు, నన్ను ఓదార్చడానికి. పోయిన ఏడాది ఎండాకాలంలో ఆయనా వెళ్ళిపోయారు. సెలవు దొరికి నేను చేరేసరికి అంతా అయిపోయింది.

ఈ కాలం పిల్లలు మంచి తెలివైనవాళ్ళు. చల్లటి గదిలో కూర్చుని ఆకాశం నుంచి తీసిన బొమ్మల్లో ఎక్కడ నీళ్ళు ఎండాయో చూసి చెప్పేస్తున్నారు. మొన్న ఒక అమ్మాయి ఆ తెర మీద మా మడుగు ఉన్న చోటు నాకు చూపించింది. బూడిదరంగు మచ్చ, దాని మీదుగా ఒక కొత్త రోడ్డు గీత. బొమ్మ చాలా స్పష్టంగా ఉందని మెచ్చుకుని వచ్చేశాను. ఒకప్పుడు నాకు సెప్టెంబరు అంటే ఉత్తరపు గాలి, రెక్కల చప్పుడు, ఫోనులో ఆయన ఊపిరి. ఇప్పుడది ఎండ ఇంకా తగ్గని ఒక నెల, అంతే.