బుడ్డికి సంబంధం చూసిన ఎదురింటి సార్

మా ఎదురింటి సార్ పోయారు. బుధవారం పొద్దున పాలప్యాకెట్లు వేసే ఆమె నా తలుపు కొట్టి, ప్యాకెట్ చేతికివ్వడం కూడా మరిచిపోయి, "అమ్మా, సార్ లేరు" అంది. ఎక్కడికెళ్లారని అడిగాను. అంత మొద్దుని నేను. నిద్రలోనే వెళ్లిపోయారట. ముందురోజు సాయంత్రమే ఆయన నాతో పోట్లాడారు, వీధి కుక్కలకు తీపి బిస్కెట్లు వేస్తున్నానని. ఆ పోట్లాటలో నేనే గెలిచాననుకుని లోపలికి వచ్చేశాను. ఇప్పుడా గెలుపు నాకు వద్దు.

సార్ రైల్వేలో ముప్పై ఏళ్లు చేశారు. బండి బయలుదేరే ముందు పొడుగాటి సుత్తితో చక్రాలను కొట్టి, మోతను బట్టి బాగోగులు చెప్పే ఉద్యోగం. బాగుంటే 'ఫిట్', లేకపోతే 'సిక్'. సిక్ అన్న బోగీని ఎంతటి ఆఫీసరైనా కదిలించడానికి వీల్లేదు. రిటైరయ్యాక సుత్తి పోయింది గాని బుద్ధి పోలేదు. లాలాగూడలో మా సందు చుట్టుపక్కల దిక్కులేని కుక్కపిల్ల ఏది కనబడినా దానికో ఇల్లు వెతికేవారు. ఆ ఇంటిని కూడా బోగీని చూసినట్టే చూసేవారు. చెప్పాపెట్టకుండా సరిగ్గా అన్నాల వేళకు వెళ్లేవారు. గేటు కింద సందెంత ఉందో, డాబా పిట్టగోడ ఎంత ఎత్తుందో చూసేవారు. "మీరు ఊరికి పోతే దీనికి ఎవలు పెడ్తరు?" అని నిలదీసేవారు. ఆడపిల్లకు సంబంధం చూసే తండ్రి కూడా అన్ని ప్రశ్నలు వేయడు.

"మీరే ఒకదాన్ని పెంచుకోరాదు సార్?" అని ఒకసారి అడిగాను.

"స్టేషన్ మాస్టర్ బండిని ఇంటికి తీస్కపోతడా బిడ్డా? ప్లాట్‌ఫారం ఖాళీగుంటెనే ఇంకో బండొస్తది" అన్నారు.

రెండేళ్ల కిందట, వినాయక నిమజ్జనం అయిన మర్నాడు, నాకు బుడ్డి దొరికింది. రైల్వే వర్క్‌షాపు గోడ పక్కన ఆగి ఉన్న స్కూటర్ కింద ముడుచుకుని ఉంది. మూరెడు కుక్క, మట్టిరంగు, వీపు మీద మానిన దెబ్బల చారలు. చున్నీలో చుట్టి తెచ్చేశాను. తెచ్చాక గాని నేనుండేది అద్దె గది అన్న సంగతి గుర్తు రాలేదు. మా ఓనరమ్మ మంచిదే, కానీ ఆమె మనవరాలికి ఆయాసం, కుక్క వెంట్రుకలు పడవు. "ఆదివారం దాకా చూస్త. ఆ తర్వాత నన్ను అనొద్దు" అంది. ఆదివారానికి ఆరు రోజులుంది. అప్పటికి ఇల్లు దొరక్కపోతే బుడ్డి మళ్లీ ఆ రోడ్డు మీదికే. పరాయి వీధిలో అడుగుపెడితే పెద్ద కుక్కలు దాన్ని బతకనివ్వవు.

మొదటి ఇల్లు సార్‌కే దొరికింది. రెండంతస్తులు, వెనక జామచెట్టు, ఓపికగల దంపతులు. సార్ అన్నీ చూశారు. చివరికి వాళ్ల ఇనుప గేటును పిడికిలితో రెండుసార్లు కొట్టి, ఆ మోత విని మురిసిపోయి, "ఫిట్" అన్నారు. నేను ఆ రోజు కడుపునిండా తిని పడుకున్నాను.

రెండోనాటికి వాళ్లే ఫోన్ చేశారు. బుడ్డి మెతుకు ముట్టలేదు. స్నానాలగదిలో డ్రమ్ము వెనక దూరి, ఎంత పిలిచినా బయటికి రావడం లేదు. సారూ నేనూ పరుగెత్తాం. మేం లోపలుండగానే ఆ ఇంటాయన కారు వచ్చింది, గేటు ధన్‌మని పడింది. ఆ చప్పుడుకు బుడ్డి నిలువునా వణికిపోయింది. ఆ వీపు మీది చారలు ఏదో ఇనుప చువ్వ దెబ్బలవని మాకప్పుడు అర్థమైంది. ఆ దంపతుల తప్పేమీ లేదు. కన్నీళ్లు పెట్టుకుని అప్పగించారు.

ఆటోలో సార్ బుడ్డి చెవులు నిమురుతూ కూర్చున్నారు. తర్వాత అన్నారు: "తప్పు నాదే బిడ్డా. ముప్పై ఏండ్లు ఇనుము మంచిగ మోగితే ఖుషైనోణ్ణి. గేటు నా చెవితోటి విన్న. దీని చెవితోటి వినలె."

ఆయన అంతటి మనిషి అంత తేలిగ్గా తప్పు ఒప్పుకుంటే నాకు కోపం వచ్చింది. ఆయన్ని తిట్టుకునే అవకాశం కూడా లేకుండా పోయిందని. "ఇప్పుడేం చేద్దాం సార్? రేపే శనివారం" అని అరిచాను. "పరేషాన్ గాకు. ఈసారి ఇల్లు నేను చూడ, ఇదే చూస్తది" అన్నారు.

శనివారం రెజిమెంటల్ బజార్‌లో ఒకరింటికి వెళ్లాం. బుడ్డి గడప దగ్గరే ఆగిపోయింది. సార్ కారణం కూడా అడగలేదు, దండం పెట్టి వెనక్కి తిప్పారు. నాకు ఏడుపొక్కటే తక్కువ. అక్కడి నుంచి రాంగోపాల్‌పేటలో నేను పనిచేసే కళ్లద్దాల దుకాణానికి, అక్కడివాళ్లను అడుగుదామని బయలుదేరాం. ఆ వెనక సందులో ఇస్త్రీ చేసే ఆమె ఉంటుంది, నా బట్టలు ఆమె దగ్గరే. ఒక్కటే గది. గుమ్మం ముందు ఇస్త్రీ బల్ల, లోపల మంచం మీద ముసలి అత్త. ఎండకు తాళలేక ఆమె రేకుల నీడన కూర్చున్నాం. ఇల్లు అడగడానికి కాదు, నీళ్లు అడగడానికి.

ఆమె బొగ్గుల ఇస్త్రీపెట్టెను ఇనుప పట్టీ మీద పెట్టింది. ఠంగుమంది. బుడ్డి నా ఒళ్లో ముడుచుకుపోయింది. ఆమె ఒక్కసారి దానివైపు చూసింది. నీళ్లిచ్చింది, మళ్లీ పనిలో పడింది. మేమక్కడ గంటసేపు కూర్చున్నాం. నేను ఫోన్లో ఎవరెవరినో బతిమాలుతున్నాను. సార్ నా మోచేయి తట్టారు.

"విన్నవా బిడ్డా?"

"ఏం వినాలె సార్? నాకేం వినబడ్తలేదు."

"అదే! గంట సంది పెట్టె ఎత్తుతున్నది, దించుతున్నది. ఒక్కపాలి సుత మోగలె!"

అప్పుడు చూశాను. అంత బరువైన పెట్టెను ఆమె పసిబిడ్డను పడుకోబెట్టినట్టు దించుతోంది. ఎవరూ చెప్పలేదామెకు. నా ఒళ్లోంచి బుడ్డి ఎప్పుడు దిగిందో తెలియదు. గడప దాటి లోపలికెళ్లి, ముసలామె మంచం కింద మాసిన దుప్పట్ల మూట మీద కాళ్లు బారజాపి పడుకుంది.

"ఒక్క గది సార్" అని గొణిగాను. నా బుద్ధి అంతవరకే పనిచేసింది. సార్ నా మాట వినిపించుకోకుండా ఆమెను తన ప్రశ్నే అడిగారు, ఊరికి పోతే దీనికి ఎవరు పెడతారని. ఆమె నవ్వింది. "మేమేడికి పోతం సార్, ఈ బట్టలు పోనిస్తయా? ఉండనియ్యి. మా అత్తకు ముచ్చట పెట్టనీకి ఎవలన్న కావాలె గద" అంది. లోపలి నుంచి అత్త గొంతు అప్పటికే బుడ్డితో ఏదో ముచ్చట పెడుతోంది.

ఇచ్చేసినంత మాత్రాన సార్ వదిలిపెట్టే రకం కాదు. నెలకోసారి వెళ్లి చూసి వచ్చేవారు. చలికాలంలో మోకాలి నొప్పి పెరిగి కొన్ని నెలలు వెళ్లలేకపోయారు. మే నెలలో, కర్ర ఊతంతో, మధ్యాహ్నం పూట నన్ను వెంటబెట్టుకుని మళ్లీ బయలుదేరారు. గుమ్మం ముందు చెప్పులు విడిచి, వంగి లోపలికి తొంగిచూశారు.

మంచం కింది నుంచి బుడ్డి దూసుకువచ్చింది. గడప మీద నాలుగు కాళ్లూ తన్నిపట్టి మొరిగింది. ఆ గొంతు మేమిద్దరం అంతకుముందెప్పుడూ వినలేదు. అంత చిన్న ఒంట్లో అంత మోత ఎక్కడ దాచుకుందో! సార్ ఒక అడుగు ముందుకేస్తే అది రెండడుగులు మీదికొచ్చింది. ఆయన చెప్పుల మీద నిలబడి మరీ మొరుగుతోంది. ఇస్త్రీ చేసే ఆమె సిగ్గుతో చచ్చిపోయి, "ఏయ్, సార్ వే! నిన్ను తెచ్చిన సార్!" అని బతిమాలుతోంది. బుడ్డికేం లెక్క? అది వాళ్లిల్లు. ఈయనెవరో పరాయి ముసలాయన.

"ఆపకు తల్లీ, అననియ్యి! నన్ను రానిస్తలేదు చూడు! నన్నే రానిస్తలేదు!" అని సార్ నా భుజం పట్టుకుని ఊపేశారు. కాలుతున్న సిమెంటు రోడ్డు మీద వట్టి కాళ్లతో, ఒక పాదం ఎత్తి ఇంకో పాదం దించుతూ, కర్ర గాల్లో ఊపుతూ, కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వుతూనే ఉన్నారు. చెప్పులు మాత్రం బుడ్డి ఇవ్వలేదు.