మల్రే సంచిలో నత్తలు

సున్‌బోక్‌కి అరవై ఒకటి. కొండల నడుమ ఉన్న ఆ పల్లెలో మహిళా సంఘానికి పెద్ద. నోరు అంతకంటే పెద్దది. మెట్టినిల్లు కొండల్లోనే గానీ పుట్టిందీ పెరిగిందీ గ్యొక్పో అనే సముద్రపు రేవులో. ఆ రేవు పక్క రాతి గుట్టలన్నీ జాతీయ పార్కులో కలిసిపోయి ముప్ఫై ఏళ్లు దాటింది. అక్కడ గవ్వ కూడా ఏరకూడదని బోర్డు పెట్టారు. ఆ సంగతి ఆవిడకు తెలియదా? కంఠతా వచ్చు! కానీ సముద్రం వెనక్కి తగ్గే ఆటు వేళ రాళ్ల మీద నత్తలు కనిపిస్తే రేవులో పుట్టిన చెయ్యి ఊరుకుంటుందా? అదీ వచ్చిన చిక్కు.

ఆగస్టులో పొలం పని కాస్త తగ్గాక సంఘం ఆడవాళ్లు ముప్ఫై మంది బస్సు కట్టించుకుని అక్కడికే బయల్దేరారు. కొండచరియ నీడన చాపలు పరిచి, కింబాప్ అన్నం చుట్టలు తిని, పుచ్చకాయ కోశారు. ఎండ మాడు పగలగొడుతోంది. సున్‌బోక్ "కాళ్లు తడుపుకొస్తా" అని రాళ్ల చాటుకు వెళ్లి, కవరు నిండా నత్తలతో తిరిగొచ్చింది. వచ్చి చాప మీద కూర్చుందో లేదో, ఈల వినపడింది. పార్కు ఉద్యోగి ఒక్కొక్కరి సంచీ చూసుకుంటూ వస్తున్నాడు.

పక్కనే మల్రే టోపీ మొహం మీద వేసుకుని కునుకు తీస్తోంది. డెబ్భై తొమ్మిదేళ్ల మనిషి. ఆవిడ గుడ్డసంచి మూతి తెరుచుకుని ఉంది. సున్‌బోక్ కవరు అందులోకి జారవిడిచింది. ముసలావిణ్ణి ఏమంటాడులే అనుకుంది. అంతకు మించి ఆలోచించలేదు, సిగ్గులేని మనిషి!

"ఇవెవరివి అవ్వా?" అన్నాడు ఉద్యోగి.

మల్రే ఉలిక్కిపడి లేచి సంచిలోకి చూసింది. "నా సంచిలో ఉన్నాయంటే నావే అయ్యుంటాయి నాయనా."

"ఈసారికి వదిలేస్తున్నా. నీళ్లలో వదిలెయ్యండి."

ఆవిడే వంగి నత్తల్ని నీళ్లలో పోసింది. రెండుసార్లు తలవంచి క్షమాపణ చెప్పింది. సున్‌బోక్ తేలు కుట్టిన దొంగలా కూర్చుంది.

"మా మల్రే అక్క సాధువనుకున్నాం, గజదొంగా!" అని ఒకావిడ అంటే, "ఒంటరిగా వండుకు తిందామనే!" అని ఇంకొకావిడ అందుకుంది. మల్రే కూడా వాళ్లతో పాటు నవ్వింది.

ఆ నవ్వు బస్సెక్కే దాకానే. ముందు సీట్లలో మైకు పట్టుకుని పాటలు మొదలయ్యాయి. సున్‌బోక్ పక్కన కూర్చున్న మల్రే గొణుక్కుంటూ వేళ్లు లెక్కపెడుతోంది.

"ఏం లెక్క అక్కా?"

"మనవళ్ల పేర్లే. ఆరూ వచ్చాయి. పొద్దున తిన్న ముల్లంగి చారు కూడా గుర్తుంది. ఆ నత్తలు ఏరడం ఒక్కటే గుర్తు రావట్లేదే, సున్‌బోక్! నేనెప్పుడు లేచి వెళ్లాను?"

మల్రే మొగుడు మతిమరుపు జబ్బుతో ఆరేళ్లు తీసుకుని పోయాడు. పెళ్లాన్నే "ఎవరమ్మా నువ్వు" అని అడిగేవాడు. ఆయనకు ముద్ద కలిపి పెట్టింది ఈవిడే.

"ఆయనకీ ఇలాగే మొదలైంది. మా అబ్బాయికి చెప్పు, నన్ను వృద్ధుల ఆసుపత్రిలో వేసెయ్యమని. కోడలికి ఆ చాకిరీ వద్దు."

"అక్కా, అవి నేనే ఏరాను. నీ సంచిలో పెట్టింది నేనే!"

మల్రే ఆవిడ చెయ్యి నిమిరింది. "నా బాధ చూడలేక అంటున్నావు. ఊరుకో."

అప్పుడు సున్‌బోక్ లేచి, పాడుతున్నావిడ చేతిలో మైకు లాక్కుంది. "ఆ దొంగను నేనే! పాపం, అక్కకి ఏమీ తెలియదు. పట్టుబడతానని భయపడి నేనే ఆవిడ సంచిలో పడేశాను!"

బస్సులో చప్పట్లే చప్పట్లు!

"అక్క కోసం నింద తన మీద వేసుకుంది! సంఘం పెద్దంటే ఇలా ఉండాలే!"

"ఒట్టు! నా ప్యాంటు చూడండి, మోకాళ్ల దాకా తడే!"

"సముద్రానికొచ్చి ఎవరి ప్యాంటు తడవలేదమ్మా?" బస్సంతా గొల్లుమంది.

సున్‌బోక్ ఏడ్చింది. ఏడుస్తుంటే ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు. పుట్టి బుద్ధెరిగాక అంత మెప్పు ఆవిడ ఎన్నడూ ఎరగదు. ఆ మెప్పుకి చచ్చిపోవాలనిపించింది.

ఊళ్లో బస్సు దిగాక మల్రే ఆవిణ్ణి పక్కకు పిలిచింది. మెడలో తాడుకి కట్టుకున్న ఇంటి తాళంచెవి తీసి చేతిలో పెట్టింది.

"రోజూ రాత్రి పడుకునే ముందు ఓసారి వచ్చి, గ్యాసు కట్టేశానో లేదో చూసి పోతుండు. నా మాట నేనే నమ్మలేను ఇక. నీ మాటైతే నమ్ముతాను."