తొమ్మిది అడుగుల గొర్రెల దారి

రాచర్ల దగ్గర మాకున్న అయిదెకరాల మెట్ట చేనును సోలారు కంపెనీకి కౌలుకిచ్చి మూడేళ్ళయింది. కొలతలకు వచ్చినది ఒక బుధవారం. వచ్చినవాళ్ళు గట్టు వెంబడి తొమ్మిది అడుగులు వదిలేసి టేపు పట్టారు. నేనే ఆపాను. పటం తెచ్చి, సర్వే రాయి చూపించి, అది కూడా మాదేనని మళ్ళీ కొలిపించాను. కొలతలో ఒక అడుగు తేడా వచ్చినా నేను ఒప్పుకోను.

ఆ తొమ్మిది అడుగులు గొర్రెల దారి. ఏ కాగితంలోనూ లేదు. మా మామగారి కాలం నుంచీ కాపరులు వేసవిలో మూడు రాత్రులు మందను మా చేలో పడుకోబెట్టేవారు. ఎరువు మాకు. బదులుగా ఏడాది పొడవునా కొండకు పోయే దారి వాళ్ళకు. ఇదంతా నాకు తెలుసు. కొలిచేటప్పుడు మాత్రం చేను ఎంతో అదొక్కటే చూశాను.

కంపెనీ కంచె పడి ఆ దారి మూసుకుపోయిన మర్నాడు కాపరి వచ్చి మా అరుగు మీద కూర్చున్నాడు.

"ఏందక్కా, కొండను గూడా కౌలుకిచ్చినావా?"

"కొండ నాదా? నా చేను నేనిచ్చినాను."

"నీ చేనేలే. గొర్రెలకు సర్వే నంబర్లు నేర్పకపోతిని, తప్పు నాదే."

అప్పటి నుంచి మంద తారు రోడ్డు మీద చుట్టు తిరిగి పోతోంది. లారీల కింద నిరుడు ఆరు పోయాయి, ఈ సంవత్సరం నాలుగు. నూట పది ఉన్న మంద అరవై రెండుకు వచ్చింది. తగ్గినవాటిలో లారీల కింద పోనివి అమ్ముకున్నాడు.

కంపెనీ వల్ల మేలు జరగలేదని అనను. వాన లేక కంది ఎండిన ఏడు కూడా కౌలు వచ్చింది. మా కోడలు అక్కడే ప్యానెళ్ళు తుడిచే పనికి పోతోంది. ఆ తొమ్మిది అడుగులు వదలమని సూపర్‌వైజరును అడిగితే, "పట్టుబట్టి కొలిపించింది మీరే కదమ్మా" అన్నాడు.

ఇంటి వెనక ఇంకో ఎకరం ఉంది. దాని గుండా పోతే రోడ్డు మీద నడక సగం తగ్గుతుంది. మొన్న ఆదివారం కాపరిని పిలిచి, దారి ఎంత వెడల్పో అడుగులు వేసి చూపించాను. కాగితం రాసిస్తానన్నాను.

"వద్దులే అక్కా. కాయితం చూసే గదా పాత దారి మూసినావు."

అతను వద్దన్నా రాసి, సంతకం పెట్టి ఇచ్చాను. మిగతా సగం దూరం మాత్రం గొర్రెలు ఇంకా లారీల పక్కనే నడుస్తున్నాయి. అక్కడ ఇవ్వడానికి నాకు నేల లేదు.